ట్రెడ్ మిగిలే ఉంది, పట్టే లేదు

స్పోర్ట్స్ కారు టైరు అనగానే నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా ముందుగా వినపడే ప్రశ్న ఒకటే: "ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది?" ఇన్నోవాకి ఈ ప్రశ్న సరిపోతుంది. పోర్షే 911కో, బీఎండబ్ల్యూ ఎం2కో, మస్టాంగ్‌కో సరిపోదు. ఈ కార్ల మీద టైరు చాలాసార్లు అరిగి చావదు. గట్టిపడి చస్తుంది, లేదా లోపలి అంచు ఒక్కటే కరిగిపోయి చస్తుంది. పైనుంచి చూసేవాళ్లకి ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే రబ్బరు పొర మీది గాడులు నిండుగానే కనిపిస్తాయి. బ్రేకు తొక్కిన రోజే సంగతి తెలుస్తుంది.

అయినా ఒక అంకె కావాలంటే, ఎక్కువ బరువు, పవరు వెనక చక్రాల మీదే పడే కారుకి వెనక టైర్లు ఓపిగ్గా నడిపితే 20 వేల కిలోమీటర్ల దరిదాపులకి వస్తాయి. కాలు బరువైతే 10 వేలకే మార్చాలి. ముందువి దాదాపు రెట్టింపు బతుకుతాయి. ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్ టైర్లకి ఈ లెక్కలేవీ వర్తించవు. వాటిని కిలోమీటర్లలో కాదు, ఎన్నిసార్లు వేడెక్కి చల్లారాయో అలా లెక్కపెట్టాలి.

రబ్బరుకి పట్టు రెండు రకాలుగా వస్తుంది. మొదటిది అతుక్కోవడం: పొడి రోడ్డు మీద రబ్బరు అణువులు, రాతి ఉపరితలం దగ్గరగా ఆనినప్పుడు పుట్టే బంధం. రెండోది ఒదిగి ఇరుక్కోవడం: తారులో పైకి తేలిన కంకర మొనల చుట్టూ రబ్బరు నొక్కుకుపోయి, మళ్లీ తన ఆకారానికి నిదానంగా వస్తుంది. ఆ నిదానంలోనే శక్తి ఖర్చవుతుంది, ఆ ఖర్చే కారుని పట్టి ఉంచుతుంది. రోడ్డు తడిస్తే మొదటి రకం చాలావరకు పోతుంది, రెండోదే దిక్కు. సిలికా కలిపిన ట్రెడ్ వానలో బాగా పనిచేసేది ఇందుకే. రబ్బరు గట్టిపడితే మాత్రం రెండూ ఒకేసారి తగ్గుతాయి: మొనల మీద ఒదగదు, దగ్గరగా ఆనదు. గాడి ఎంత లోతుగా ఉన్నా దీనికి మందు కాదు.

వెడల్పు టైర్ల వెనక కూడా ఒక లెక్క ఉంది. టైరు మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు అవ్వదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకని బరువు పడేచోట వెడల్పు పెంచుతారు. 992 తరం పోర్షే 911 కరేరా ఎస్‌కి ముందు 245/35 జడ్ఆర్20, వెనక 305/30 జడ్ఆర్21. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు శాతం, చివరిది రిమ్ అంగుళాలు. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి, మామూలు కార్లకి చేసినట్టు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అరుగుదల సర్దే దారి ఇక్కడ మూసుకుపోయింది. ట్రెడ్‌కి దిశ గుర్తు ఉంటే కుడి ఎడమల మార్పిడి కూడా కుదరదు. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) తప్పితే ఆ తప్పుకి టైరే బలి.

గాలి లెక్క, రోహిణి కార్తెలో

ఈ తీరంలో ఎక్కువ టైర్లని పాడుచేసేది గాలి విషయంలో జరిగే ఒక చిన్న పొరపాటు. కారు తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె) చల్లటి టైరుకి సంబంధించింది. కనీసం మూడు గంటలు కదలకుండా, నీడలో ఉన్న టైరు అని అర్థం. 32, 33 పీఎస్ఐ ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే గాలి సుమారు ఒకటిన్నర పాయింట్ మారుతుంది. మే నెలలో పొద్దున ఆరింటికి 28 డిగ్రీలు, మధ్యాహ్నం 42. అంటే కారు కదలకపోయినా రెండు పాయింట్లు పైకి.

ఇప్పుడు పొద్దున 33 పెట్టిన కారు ఒంగోలు నుంచి బయల్దేరి, టంగుటూరు, ముసునూరు టోల్‌గేట్లు దాటి నెల్లూరు దగ్గర బంకులో ఆగిందనుకుందాం. లోపలి గాలి 60 డిగ్రీలకి చేరి ఉంటుంది, గేజి 38 చూపిస్తుంది. "ఎక్కువుంది సార్" అని బంకు కుర్రాడు 33కి దించుతాడు. అదే టైరు మర్నాడు తెల్లవారుజామున చూస్తే 28, 29 మధ్య ఉంటుంది. ఆ మెత్తటి టైరుతో హైవే ఎక్కితే సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, రెండు భుజాలూ (ట్రెడ్ రెండు అంచులూ) అరుగుతాయి. వేడి మీద పెరిగిన గాలిని తగ్గించకూడదు. పెరగాలనే ఆ అంకె స్టిక్కర్ మీద పెట్టారు. తక్కువుంటే మాత్రం వేడిగా ఉన్నా కొట్టించాలి, సరిచేసేది తర్వాత చల్లగా ఉన్నప్పుడు చేసుకోవచ్చు.

నైట్రోజన్ గురించి రెండు ముక్కలు చాలు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. అసలు తేడా తేమది: సముద్రపు గాలి తేమంతా కంప్రెసర్ ట్యాంకు అడుగున నీరై చేరుతుంది, రోజూ ఆ నీళ్లు వదలని షాపులో గాలితోపాటు చెమ్మ కూడా టైరులోకి పోతుంది. ఆవిరైనప్పుడు అది గాలి లెక్కని తారుమారు చేస్తుంది. ట్యాంకు డ్రెయిన్ చేసే షాపు దొరికితే నైట్రోజన్ కోసం వెతకనక్కర్లేదు. నిస్సాన్ జీటీఆర్ లాంటి కొన్ని కార్లకి కంపెనీయే నైట్రోజన్ నింపి పంపింది, అది వేరే మాట.

నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు కోసం చేసిన మంచి స్పోర్ట్స్ టైరుకి సుమారు 60 నుంచి 90 డిగ్రీల మధ్య పట్టు బాగుంటుంది. అంటే చలిదేశాల వాళ్లు చెప్పే "టైర్లు వేడెక్కేదాకా ఆగండి" అన్న జాగ్రత్త ఇక్కడ వేసవిలో పెద్దగా పనికిరాదు, తొందరగా అతిగా వేడెక్కడమే ఇక్కడి బాధ. వేడి హద్దు దాటాక రబ్బరు పైపొర జిడ్డుగా మారి, స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తుంది, ముక్కు తిరగదు. ఆ స్థితిలో ఇంకా నొక్కితే ట్రెడ్ మీద బొబ్బలు లేస్తాయి. ఒకసారి బొబ్బ లేచిన చోట రబ్బరు మళ్లీ మామూలు కాదు.

లోపలి అంచు

స్పోర్ట్స్ కారు చక్రం పైభాగం కొంచెం లోపలికి వాలి ఉంటుంది. మలుపులో బయటి టైరు పూర్తిగా రోడ్డుకి ఆనాలని ఈ నెగెటివ్ క్యాంబర్ పెడతారు. తిన్నటి జాతీయ రహదారి మీద మాత్రం బరువంతా లోపలి భుజం మీదే పడుతుంది. అయినా క్యాంబర్ ఒక్కటే టైరుని తినేయదు. దానికి టో, అంటే చక్రం తిన్నగా కాక పక్కకి తిరిగి ఉండటం, తోడైతేనే తింటుంది. చక్రం నడిచే దిక్కుకి పావు డిగ్రీ పక్కకి తిరిగి ఉందనుకుంటే, కిలోమీటరుకి సుమారు 4.4 మీటర్లు అది పక్కకి ఈడ్చుకుంటూ పోతున్నట్టు. నెల్లూరు నుంచి ఒంగోలుకి 120 కిలోమీటర్లు. అంత దూరానికి అర కిలోమీటరు పైగా రబ్బరుని తారు మీద రుద్దినట్టే. గుంతలో పడితేనో, టోల్‌గేటు ముందు వరస చారల మీద వేగంగా ఎక్కిస్తేనో టో కదలడానికి ఎక్కువ సేపు పట్టదు.

దీన్ని నిలబడి చూస్తే కనపడదు. వెనక టైరు 305 మిల్లీమీటర్ల వెడల్పు, పైగా బాడీ కింద దాక్కుని ఉంటుంది. కారు లిఫ్ట్ మీద ఎక్కించి, లోతు గేజితో లోపలి గాడి, మధ్య గాడి, బయటి గాడి విడివిడిగా కొలవాలి. బయట 5 మిల్లీమీటర్లు, మధ్యలో 4.5, లోపల 2 అని వచ్చిందంటే ఆ టైరు లోతు 2 మిల్లీమీటర్లే. సగటు తీసి సంతోషపడితే లాభం లేదు. లోపలి అంచులో గీకిన చారల మధ్య దారాలు బయటపడ్డ టైరుని బయటినుంచి చూసి "ఇంకా ఆరునెలలు లాగుతుంది" అని చెప్పే షాపులు తక్కువేం కాదు.

అలైన్‌మెంట్ చేయించేటప్పుడు అడగాల్సింది ప్రింటు కాగితం. ముందూ తర్వాతా అంకెలు అందులో ఉండాలి, వెనక చక్రాలవి కూడా. చాలాచోట్ల ముందు టో ఒక్కటి సరిచేసి, స్టీరింగ్ మధ్యలోకి తెచ్చి పంపిస్తారు. వెనక టో ఎడమా కుడీ సమానంగా లేకపోతే కారు కొద్దిగా అడ్డంగా నడుస్తుంది, ముందు ఎంత దిద్దినా ఆగదు. కొలిచేముందు గాలి సరిచూడాలి, ట్యాంకులో ఇంధనం కంపెనీ చెప్పినంత ఉండాలి, ర్యాంపు మీద ఎక్కించాక సస్పెన్షన్‌ని రెండుమూడుసార్లు నొక్కి వదలాలి. ఎత్తు తక్కువ కారు ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు బంపరు పెదవి తగలకుండా చెక్కపలకలు వేసుకోవడం అక్కడివాళ్లకి అలవాటే.

నిలబెట్టిన కారు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి కార్లు ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తీసేవి, పెళ్లిళ్లకి తీసేవి, మిగతా రోజులు కవరు కప్పుకుని ఉండేవి. అలాంటి కారుకి టైర్లు ఐదారేళ్లయినా అరగవు. కానీ ఆక్సిజన్, ఓజోన్, వేడి తమ పని ఆపవు. రబ్బరులో ఓజోన్‌ని ఆపడానికి మైనం లాంటి రసాయనాలు కలుపుతారు. టైరు తిరిగి వంగుతుంటేనే అవి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. కదలని టైరుకి ఆ కాపలా తగ్గిపోయి గాడుల అడుగున, సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లు మొదలవుతాయి.

వయసు తెలుసుకోవడం తేలికే. సైడ్‌వాల్ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. గట్టిదనం కొలవడానికి షోర్ ఏ గేజి దొరుకుతుంది. టైరు కొత్తగా ఉన్నప్పుడే తెల్లవారుజామున, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, నాలుగైదు చోట్ల గుచ్చి సగటు రాసిపెట్టుకోవాలి. ఏడాదికోసారి అదే సమయంలో కొలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. మధ్యాహ్నం కొలిస్తే ఎండకి మెత్తబడి అబద్ధం చెప్తుంది. రెండు కంపెనీల టైర్ల అంకెలు పోల్చి గొడవపడటం కూడా వృథా, ఎవరి మిశ్రమం వారిది.

నెలల తరబడి నిలపాల్సి వస్తే గాలి స్టిక్కర్ అంకె కంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువ పెట్టాలి. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటకూడదు. రెండు వారాలకోసారి పదిహేను ఇరవై కిలోమీటర్లు నడపడం అన్నిటికన్నా మేలు. ఇంజను స్టార్టు చేసి షెడ్డులోనే ఐదు నిమిషాలు ఉంచితే టైరుకి ఒరిగేదేమీ లేదు. వారం పది రోజులు నిలబడ్డ టైరుకి అడుగున చదునైన మచ్చ వస్తుంది, మొదటి కొన్ని కిలోమీటర్లు స్టీరింగ్ వణికి వేడెక్కాక పోతుంది. నెలల మచ్చయితే పోదు.

వాటర్ సర్వీసింగ్ దగ్గర ఇంకో ప్రమాదం. కడిగాక కారు అడుగున డీజిల్ స్ప్రే కొట్టే అలవాటు ఇక్కడ చాలా షాపుల్లో ఉంది. తుప్పు పట్టకుండా అని కొడతారు. డీజిల్ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, లోపలి నూనెల్ని బయటికి లాగుతుంది. స్పోర్ట్స్ కారుకి బ్రేకు డిస్కులు కూడా బయటికే ఉంటాయి కనక అడుగు స్ప్రే వద్దని ముందే గట్టిగా చెప్పాలి. తళతళలాడే టైరు పాలిష్ ట్రెడ్ మీదికి జారితే మొదటి మలుపులోనే తెలుస్తుంది.

అక్టోబరు వాన, రొయ్యల నీళ్లు, గ్రానైట్ పెచ్చులు

నెల్లూరుకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొదటి జల్లుకి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పొడి కలిసి పేస్టులా తేలుతుంది. గంటసేపు గట్టి వాన పడి కడుక్కుపోయాక రోడ్డు కొంత మెరుగవుతుంది. తర్వాతి భయం నీళ్ల మీద తేలిపోవడం. 1960లలో నాసా విమానాల టైర్ల మీద చేసిన పరిశోధనలోంచి వచ్చిన సూత్రం ఒకటుంది: నున్నటి టైరు నీటి మీద తేలే వేగం, గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఆ లెక్కన 33 పీఎస్ఐకి గంటకి సుమారు 96 కిలోమీటర్లు, 28 పీఎస్ఐకి 88. బంకులో దించేసిన ఐదు పాయింట్ల ఖరీదు అది. గాడులున్న కారు టైరుకి ఈ అంకెలు అచ్చంగా వర్తించవు, గాడులున్నంత కాలం ఇంకా పై వేగం దాకా నిలుస్తుంది. కానీ వెడల్పు టైరు ముందు ఎక్కువ నీటిని తోసేయాల్సి వస్తుంది కాబట్టి సన్నటి టైరు కంటే ముందే తేలుతుంది. చట్టం ప్రకారం ట్రెడ్ 1.6 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. ఈ కార్లకి వానాకాలం ముందు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయడం నయం. సెమీ స్లిక్‌లకి కొత్తగా ఉన్నప్పుడే గాడి తక్కువ. నవంబరులో వాటితో హైవే మీదికి రావడం తెగింపు కిందే లెక్క.

వాన లేకపోయినా తడి ఉంటుంది. ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల బండ్లు ఐసు నీళ్లు కారుస్తూ పోతాయి, మలుపుల దగ్గర ఎక్కువ కారుతుంది. కోతల రోజుల్లో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద ఏ టైరూ పట్టదు, మూడు వందల మిల్లీమీటర్ల వెడల్పున్నా గింజలు దొర్లుతాయి, కారు వెంట దొర్లుతుంది. మైపాడు, కొత్తపట్నం బీచి రోడ్ల మీద ఇసుకదీ అదే సంగతి. ఏబీఎస్ ఉంది కదా అనుకుంటే, అది పట్టు ఉన్నచోట దాన్ని సరిగ్గా వాడిస్తుందే గాని, లేనిచోట పుట్టించదు.

ఒంగోలు, చీమకుర్తి మధ్య కథ వేరు. బ్లాకులు మోసే లారీల నుంచి, క్వారీ దుమ్ముతోపాటు రాలే గ్రానైట్ పెచ్చులు గాజుముక్కలంత పదును. మెత్తటి ట్రెడ్ వేడి మీద వాటిని పట్టుకుని లోపలికి దిగనిస్తుంది. ఆ దారిన వెళ్లొచ్చాక టైరు చల్లారకముందే గాడుల్లో ఇరుక్కున్న రాళ్లని మొండి స్క్రూడ్రైవర్‌తో తీసేయాలి, లేకపోతే తర్వాత లోపలున్న ఉక్కు తీగల బెల్టుని తాకుతాయి. పంచరైతే బయటినుంచి బంక దారం కుక్కే పద్ధతి ఇంటికి చేరడానికే. 300 కిలోమీటర్ల వేగానికి రేటింగు ఉన్న వై టైరుకి దాన్ని శాశ్వతంగా వదిలేయకూడదు. రిమ్ నుంచి విప్పి, లోపలినుంచి గొడుగు ఆకారం ప్యాచ్ వేయించాలి, అదీ రంధ్రం ట్రెడ్ మధ్యభాగంలో ఉంటేనే. భుజానికి, సైడ్‌వాల్‌కి రిపేరు లేదు. 30 సిరీస్ సైడ్‌వాల్‌ని ఇనప లీవర్లతో ఊడదీసే షాపుకి ఇవ్వడం కంటే, ఫ్లాట్‌బెడ్ లారీ మీద నెల్లూరుకో చెన్నైకో లీవర్ లేని మిషను ఉన్నచోటికి పంపడం చవక. వాల్వ్ దగ్గర గాలి సెన్సర్ ఉందని మెకానిక్‌కి ముందే చెప్పాలి. బిగించేటప్పుడు బిగువు కొలిచే టార్క్ రెంచ్ వాడాలి. 911 ఐదు బోల్టుల చక్రానికి 160 న్యూటన్ మీటర్లు.

ట్రాక్ మోజున్నవాళ్లకి దగ్గర్లో ఉన్నది శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, 3.7 కిలోమీటర్ల చుట్టు. రోడ్డు అంకె కంటే నాలుగైదు పాయింట్లు తక్కువతో మొదలుపెట్టి, నాలుగు చుట్ల తర్వాత లోపలికొచ్చి వెంటనే కొలిచి, కంపెనీ చెప్పిన వేడి అంకెకి తేవాలి. గుచ్చే థర్మామీటర్‌తో లోపల, మధ్య, బయట మూడుచోట్లా ఉష్ణోగ్రత చూడాలి. మధ్య ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువ, రెండంచులూ వేడిగా ఉంటే తక్కువ. లేజరు గన్ పైపొరని మాత్రమే చదువుతుంది, పిట్‌లోకి వచ్చేసరికి అది చల్లారి ఉంటుంది. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు తగ్గించిన గాలి మళ్లీ పెట్టించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అంకె (ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పేది) చూస్తారు. మిషలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300, అదే కంపెనీ పైలట్ స్పోర్ట్ కప్ 2కి 180. అమెరికా ప్రభుత్వ పద్ధతి ప్రకారం టెక్సస్ రోడ్ల మీద 7,200 మైళ్లు నడిపి, ప్రామాణిక టైరుతో పోల్చి, మిగతాది కంపెనీయే లెక్కగట్టి వేసుకునే అంకె అది. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా కాదు. పోర్షేకి ఎన్, బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి ఎంఓ గుర్తులు ఆ కారుకి ప్రత్యేకంగా సరిచేసిన టైరని చెప్తాయి. గుర్తున్నదీ లేనిదీ ఒకే ఇరుసు మీద కలపకూడదు. ఒక్క టైరే మార్చాల్సి వస్తే, అదే ఇరుసు మీది రెండోదానితో ట్రెడ్ తేడా 30 శాతం మించొద్దని పోర్షే చెప్తుంది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టాక అరుదైన సైజులకి వారాలు ఆగడం మామూలైంది. అందుకే డబ్బు కట్టేముందు తయారీ వారం ఫొటో తెప్పించుకోవాలి. గోడౌనులో రెండేళ్లున్న టైరు కొత్త ధరకి అంటగట్టడం జరుగుతూనే ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు లేనిది అసలు తీసుకోకూడదు.

చెన్నైలో టైర్లు వేయించుకుని అదేరోజు తిరిగొచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన పూత కొత్త టైరు పైపొర మీద ఇంకా ఉంటుంది. అది పోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. నెల్లూరుకి దూరం 175. అంటే ఇల్లు చేరేదాకా కొత్త టైరు పట్టు పాతదానికంటే తక్కువే అనుకుని బ్రేకు దూరం ఎక్కువ ఉంచుకోవాలి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు గాలి, వంద కిలోమీటర్ల తర్వాత బోల్టుల బిగువు మళ్లీ చూసుకోవాలి.